ముందు చక్రం నాలుగు నట్లు

మొన్న మా వీధిలో ఒక కుర్రాడు కొత్త సూపర్‌బైకు తెచ్చాడు. వెయ్యి సీసీ అట. ముందు చక్రానికి రెండు డిస్కు బ్రేకులట. చక్రం జారబోతుంటే లోపలున్న కంప్యూటరు ముందే పసిగట్టి సర్దేస్తుందట. నేను ఒకప్పటి మోటారు సైకిలు మెకానిక్కునని ఎవరో చెప్పారు కాబోలు, మా గుమ్మం ముందు ఆపి అన్నీ వివరంగా చెప్పాడు. నేను వింటూనే మెల్లగా వంగి, ముందు చక్రం ఇరుసు ఎట్లా బిగించారో చూశాను. "ఏంది తాతా, ఇంత బండిలో నీకు కనపడింది అదేనా?" అని నవ్వాడు. నవ్వనీ పాపం. ఏ మోటారు సైకిలు చూసినా నా చూపు మొదట పోయేది అక్కడికే. ఎందుకో అతనికి నిలబడి చెప్పే ఓపిక ఆ పూట లేకపోయింది. అందుకని ఆ అబ్బాయికీ, అలాంటి వాళ్లందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అరవైల మొదట్లో నేను నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో పనిచేసేవాణ్ణి. షెడ్డు నాకు పని నేర్పిన మా ఉస్తాద్‌ది. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ మడత నలగని తెల్ల చొక్కాలో ఉండేవాడు. మెకానిక్కు చొక్కా తెల్లగా ఎట్లా ఉంటుందని మీరడగొచ్చు. మేమూ అడిగేవాళ్లం, ఆయన చెప్పేవాడు కాదు. ఎప్పుడో బండి మీదనుంచి పడి కుడి మోకాలు బిగుసుకుపోయింది. అప్పటినుంచి తోలడం మానేసి, చెవితోనే బండ్లు పరీక్ష చేసేవాడు. శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకి పోతే షెడ్డు నేను చూసుకోవాలి. ఆదివారం పొద్దున నేను చర్చికి పోతే ఆయన చూసుకునేవాడు. అట్లా ఇద్దరి దేవుళ్లకీ ఇబ్బంది లేకుండా షెడ్డు నడిచేది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఏ నట్టు పూర్తిగా బిగించినా, దాని మీద ఎర్ర రంగు చుక్క ఒకటి పెట్టాలి. చేత్తో తిప్పి వదిలిన నట్టుకి చుక్క ఉండదు. చుక్క ఉందంటే స్పానర్ పడిందని అర్థం. ఎవరు బిగించారో, ఎప్పుడు బిగించారో ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. పని మధ్యలో ఒకరు లేచిపోయినా రెండోవాడు చుక్కలు చూసుకుని అక్కణ్ణుంచి అందుకునేవాడు. నన్ను మేస్త్రీని చేసినప్పుడు ఉస్తాద్ ఆ రంగు డబ్బా నా చేతికే ఇచ్చాడు. అది జరిగి రెండు నెలలు కాలేదు. నేను మాత్రం ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడిలా నడవడం మొదలుపెట్టేశాను.

అప్పట్లో జిల్లాలో అందరూ చెప్పుకునే బండి ఒకటి ఉండేది. బుచ్చిరెడ్డిపాలెంలో రైసుమిల్లు ఆయన కొడుకు మద్రాసులో ఒక తెల్లదొర దగ్గర కొన్నాడు. ఆరువందల యాభై సీసీ, రెండు సిలిండర్లు, రెండు పొగ గొట్టాలు. మీటరు మీద అంకెలు నూట ఇరవై మైళ్ల దాకా ఉండేవి. మా ఊళ్లో బస్సులు ముప్పై దాటితే ముసలమ్మలు డ్రైవర్‌ని తిట్టే రోజులవి. ఆ బండి స్టార్టు చేస్తే షెడ్డు రేకులు గలగలలాడేవి. తొంభై దాటినా ఇంజనులో ఇంకా దమ్ము మిగిలే ఉంటుందని అతను చెప్పేవాడు. షెడ్డులో అతన్ని మేం మిల్లబ్బాయి అనుకునేవాళ్లం. నాకంటే ఒక ఏడాది చిన్న. భయమంటే ఏమిటో నిజంగానే తెలియని మనిషి. అట్లాంటివాళ్లను నేను మళ్లీ చూడలేదు.

ఆ శుక్రవారం పొద్దున బండి తెచ్చి, మద్రాసునుంచి తెప్పించిన కొత్త ముందు టైరు ఇచ్చి, వేసి పెట్టమన్నాడు. నాయుడుపేటలో స్నేహితుడికి ఆ సాయంత్రం బండి చూపిస్తానని మాటిచ్చాడట. దారిలో వంద మైళ్ల స్పీడు అందుకోవాలని పట్టుదల. "మూడుకల్లా కావాలి సాయిబూ" అని చెప్పి ఊళ్లోకి పోయాడు.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. ఆ బండిలో ముందు చక్రం ఇరుసుని రెండు వైపులా రెండు ఇనుప మూతలు పట్టుకుని ఉంటాయి. ఒక్కో మూతకి రెండు నట్లు. మొత్తం నాలుగు. బండికీ చక్రానికీ ఉన్న సంబంధమంతా ఆ నాలుగు నట్లే. ఉస్తాద్ టైరు మార్చి, చక్రం ఎక్కించి, నాలుగు నట్లూ చేత్తో తిప్పాడు. ఇంతలో నమాజు వేళయింది. చేతులు కడుక్కుని వెళ్లాడు. నేను వెనక వైపు పని చేస్తున్నాను. గొలుసు సరిచేసి, వెనక చక్రం నట్లు బిగించి, చుక్కలు పెట్టడానికి డబ్బా మూత తీశాను. రంగు అడుగంటి చిక్కబడి ఉంది. ఇంకోసారి మూత తీస్తే గట్టిపడిపోయేట్టుంది. ఉస్తాద్ రాగానే ముందు నట్లు ఎట్లాగూ బిగిస్తాడు కదా, మళ్లీ డబ్బా తెరవడం ఎందుకని, చేతిలో పుల్ల ఉండగానే ముందుకు వచ్చి ఆ నాలుగింటికీ చుక్కలు పెట్టేశాను. చక్కగా, గుండ్రంగా పెట్టాను. ఆ పనితనం చూసుకుని కాసేపు మురిసిపోయాను కూడా.

తర్వాత ట్యాంకులో పోయడానికి పెట్రోలు తేవాలని డబ్బా తీసుకుని బంకుకి పోయాను. నేను తిరిగి వచ్చేసరికి ఉస్తాద్ వచ్చేసి ఉన్నాడు, మిల్లబ్బాయి కూడా వచ్చేసి ఉన్నాడు. నేను పెట్రోలు పోశాను. అతను ఒక్క తన్నుతో స్టార్టు చేశాడు. రేకులు గలగలలాడాయి. నేను నిలబడి ఆ శబ్దం సన్నబడిపోయేదాకా విన్నాను.

ఉస్తాద్ సామాన్లు సర్దుతూ అడిగాడు. "ముందు మూతలు మరీ గట్టిగా లాగలేదు గదా అబ్బయా? ఆ బోల్టులు సున్నితం."

"నేనెక్కడ బిగించినా ఉస్తాద్. మీరు గదా బిగించింది" అన్నాను.

ఆయన చేతిలో స్పానర్ అట్లాగే ఉండిపోయింది. "చుక్కలు ఉండాయే" అన్నాడు.

చుక్కలు నేనే ముందుగా పెట్టానని చెప్పడానికి రెండు మూడుసార్లు నోరు తెరవాల్సి వచ్చింది. ఆయన తిట్టలేదు. కొట్టినా బాగుండేది. పాత సామాను డబ్బాలోంచి నాలుగు నట్లు ఏరి స్పానర్‌తో పాటు జేబులో వేసుకుని, "బండి తియ్యి" అన్నాడు.

షెడ్డుకి ఉన్నది రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ మోటారు సైకిలు. చచ్చి చెడి నలభై మైళ్లు పోతుంది. నేను తోలుతున్నాను, ఆయన బిగుసుకుపోయిన కాలు పక్కకి చాపి వెనక కూర్చున్నాడు. మా ముందు పోయినవాడు వంద మైళ్ల కోసం పోయినవాడు. అతన్ని అందుకోవడం జరగదని ఇద్దరికీ తెలుసు. మేం పోతున్నది అతను పడిన చోటుకి చేరుకోవడానికే.

ఒక నిజం చెప్తాను. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ప్రార్థన అలవాటు. ఆ రోజు రోడ్డు మీద నా మొదటి ప్రార్థన అతని ప్రాణం గురించి కాదు. చుక్కలు పెట్టింది నేనని ఎవరికీ తెలియకూడదని. రెండు మైళ్లు పోయాక నాకే సిగ్గేసి, అప్పుడు అతని ప్రాణం అడిగాను. వెనక ఉస్తాద్ పెదాలు కూడా కదులుతున్నట్టు నా మెడ వెనక తెలుస్తూనే ఉంది.

ప్రతి మలుపూ ఒక గండమే. రోడ్డు పక్క చింతచెట్టు మొదలు దగ్గర ఏదైనా నల్లగా కనపడితే నా కాలు బ్రేకు మీదికి పోయేది. దగ్గరికి పోతే గేదె పడుకుని ఉండేది, లేకపోతే ఎవరో కూలి నిద్రపోతూ ఉండేవాడు. మనుబోలు దాటాక జనం గుంపుగా రోడ్డు పక్క మూగి ఉన్నారు. మధ్యలో ఏముందో కనపడటం లేదు. నేను బండి ఆపాను గానీ దిగలేకపోయాను. ఉస్తాదే కుంటుకుంటూ పోయి, జనాన్ని తప్పించి చూశాడు. సముద్రం వైపునుంచి వచ్చిన చేపల బండి. బేరాలాడుకుంటున్నారు. ఆయన తిరిగి వచ్చి బండి ఎక్కేముందు ఒక నిమిషం నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.

చేపల బండి దగ్గరున్న ఒకాయన్ని, పెద్ద మోటారు సైకిలు పోయిందా అని అడిగాము. "పోయింది. మేము తల తిప్పేలోగానే పోయింది. అట్టా తోలేవాళ్లు ఎక్కువ కాలం తోలరులే" అన్నాడు.

గూడూరు దాటాక ఉస్తాద్ వెనకనుంచి నా చెవి దగ్గరగా గట్టిగా మాట్లాడాడు. గాలికి సగం మాటలు కొట్టుకుపోయినా అర్థమైంది. "చుక్కలు చూసినాక కూడా నా చెయ్యి స్పానర్ మీదికి పోయింది అబ్బయా. ఒకసారి వేసి చూద్దామనిపించింది. కొత్తగా మేస్త్రీవి అయినావు. నీ పని మీద నా చెయ్యి పెడితే చిన్నబోతావని ఆగినా."

ఆయన ఆగకపోయి ఉంటే నేను నిజంగానే చిన్నబోయి ఉండేవాణ్ణి. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగేవాణ్ణి కూడా.

నాయుడుపేట బస్టాండు దగ్గర కాఫీ హోటలు ముందు ఆ బండి స్టాండు మీద నిలబడి ఉంది. చుట్టూ పది మంది. మధ్యలో మిల్లబ్బాయి చేతిలో గ్లాసు పట్టుకుని నవ్వుతూ చెప్తున్నాడు. అతన్ని చూడగానే నాకు ఏడుపు వచ్చేసింది. ఎవరూ చూడకుండా చొక్కా చేతితో తుడుచుకున్నాను.

"సాయిబూ, నువ్వూ వచ్చినావా? నూట రెండు కొట్టినా తెలుసా. ఎక్కడా ఊగలేదు" అన్నాడు అతను.

ఉస్తాద్ చక్రం పక్కన కష్టపడి కూర్చున్నాడు. నేనూ వంగి చూశాను. కుడి మూతకి ఒక నట్టు లేదు. రెండోది బోల్టు చివర రెండు మరచుట్ల మీద వేలాడుతోంది. ఎడమ మూతకీ ఒకటి పోయింది. మిగిలిన నట్టు మీద నేను పెట్టిన ఎర్ర చుక్క గుండ్రంగా, చెదరకుండా ఉంది. ఉస్తాద్ వేలితో తాకితే మూత కదిలింది.

"నట్లు బిగించకుండా పంపినాము బాబూ. తప్పు నాది" అన్నాడు ఉస్తాద్.

అతను మొదట నవ్వాడు. తర్వాత వంగి తనూ వేలితో మూత కదిపి చూశాడు. గ్లాసు పక్కన పెట్టాడు. అతని ముఖంలో రక్తం తగ్గిపోవడం నేను కళ్లారా చూశాను. నెమ్మదిగా అన్నాడు. "బిగించు సాయిబూ. బిగించినాక నువ్వే తోలాల. నెల్లూరు దాకా. నేను వెనక కూర్చుంటా. నేనొచ్చిన స్పీడులోనే పోవాల."

"సరే బాబూ" అని ఉస్తాద్ లేవబోయాడు. బిగుసుకున్న కాలితో లేవడానికే నేల మీద చెయ్యి ఆనించాడు. అప్పటి బండ్లకి గేరు కుడివైపు, ఆ కాలితోనే తన్నాలి. ఆయన తోలడమంటే ఇద్దరూ చావడమే. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు, మిల్లబ్బాయికి తెలియదు. ఎవరికీ తెలియకూడదని దారంతా దేవుణ్ణి వేడుకున్న మాట, పది మందిలో నేనే చెప్పాల్సి వచ్చింది.

"ఆయన కాదు సార్. బిగించకుండా చుక్కలు పెట్టింది నేను. నేను తోలతా" అన్నాను.

నాలుగు నట్లూ నేనే బిగించాను. లేచి నిలబడి స్పానర్ ఉస్తాద్‌కి ఇచ్చి, "మీరొకసారి చూడండి" అన్నాను. ఆయన ఒక్కొక్కటే వేసి చూశాడు. మళ్లీ చూడమన్నాను. మళ్లీ చూశాడు. మీలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే వినండి. మీ పని తర్వాత ఇంకొకడు స్పానర్ వేస్తే అవమానమనుకోకండి. ఆ రోజు ఆయన రెండోసారి వేసి చూసినప్పుడు నాకు కలిగిన ఊరట ఎప్పుడూ కలగలేదు.

ఉస్తాద్ బస్సుకి వస్తానన్నాడు. మా పాత బండి హోటలు ముందే ఉండిపోయింది. నేను పెద్ద బండి ఎక్కాను. అంతకుముందు దాన్ని షెడ్డు చుట్టుపక్కల తిప్పడమే గానీ, నేను ఏ బండి మీదా యాభై దాటింది లేదు.

ఊరు దాటగానే అతను నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. "పోనియ్యి" అన్నాడు. నేను యాక్సిలరేటరు పిడి తిప్పాను. బండి నన్ను వెనక్కి లాగేసి తను ముందుకు పోయింది. యాభై, అరవై. చెట్లు విడివిడిగా కనపడటం మానేశాయి. డెబ్భై దగ్గర కళ్లలో నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. "ఇంకా" అన్నాడు. ఎనభై దగ్గర చేతులు రెండూ జిల్లుమని మొద్దుబారాయి, పిడి పట్టుకున్నానో లేదో తెలియలేదు. ఎదురుగా ఎడ్లబండి ఒకటి చిన్నగా కనపడి, తల తిప్పేలోగా పక్కనుంచి పోయింది. నాకు రోడ్డు మీద ధ్యాస లేదు. నాలుగు నట్లు. నేను బిగించాను, ఉస్తాద్ రెండుసార్లు చూశాడు, అవి కదలవు. తెలుసు. తెలిసినా నమ్మకం కుదరడం లేదు. రోడ్డు మీద చిన్న గతుకు తగిలినప్పుడల్లా చక్రం ఊడిపోయిందనే అనుకున్నాను.

గూడూరు దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది. తొంభై అయింది. ఇంకా అంటాడని ఎదురు చూశాను. అనలేదు. భుజాల మీద వేళ్లు మాత్రం ఎముకల్లోకి దిగుతున్నాయి. నేనే ఇంకొంచెం తిప్పాను. ఎందుకు తిప్పానో ఇప్పటికీ తెలియదు. పంతమో, శిక్ష త్వరగా అయిపోవాలనో. ముల్లు వంద మీద ఒక్క క్షణం నిలబడింది. అప్పుడు నా వీపు వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. అతని గొంతులా లేదు.

"చాలు. ఆపు."

ఆపడానికి చాలా దూరం పట్టింది. ఆపాక అతను దిగి, రోడ్డు పక్క మైలురాయి పట్టుకుని వాంతి చేసుకున్నాడు. తర్వాత అక్కడే కూర్చుండిపోయాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

"పొయ్యేటప్పుడు నూట రెండు కొట్టినా. ఏమీ కాలేదు. ఇదే రోడ్డు గదా. అప్పుడు నట్లు కూడా లేవు" అన్నాడు.

నేను క్షమించమని అడగబోయాను. అతను వినే స్థితిలో లేడు. దారి పొడుగునా తనకి నట్లే కనపడ్డాయని, కళ్లు మూసుకున్నా కనపడ్డాయని చెప్పాడు. మిగిలిన దూరమంతా ఇరవై మైళ్ల మీద వచ్చాం. షెడ్డు దగ్గర దిగి, బండి అక్కడే ఉంచమని చెప్పి, బుచ్చిరెడ్డిపాలెం బస్సెక్కి పోయాడు.

ఉస్తాద్ నన్ను పనిలోనుంచి తీసేయలేదు. మిల్లబ్బాయి ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. ఒక మనిషి ప్రాణం నిలబడిందని, ఆ తప్పు నాకు తేలిగ్గా పోయిందని కొన్నాళ్లు అనుకున్నాను. ఏం పోయిందో తర్వాత తెలిసింది.

అతను రోజు విడిచి రోజు బస్సులో వచ్చేవాడు. బండి స్టార్టు చేసి, దాని మీద కూర్చుని, ఇంజను శబ్దం వింటూ ఉండేవాడు. గేరు వేసేవాడు కాదు. ముందు చక్రం వైపు చూసేవాడు, ఆపేసి దిగేవాడు. వంగి నట్లు చూడమని నన్ను అడిగేవాడు. నేను స్పానర్ వేసి చూపించేవాణ్ణి. అయినా ఎక్కి పోయేవాడు కాదు. షెడ్డుకి వచ్చినవాళ్లు చాటుగా నవ్వుకునేవాళ్లు. నేనూ ఉస్తాదూ తల దించుకుని పని చేసుకునేవాళ్లం.

మూడో వారంలో ఒక పొద్దున వచ్చి, "నువ్వు వెనక కూర్చుంటావా?" అని అడిగాడు. ఆ బండి మళ్లీ ఎక్కకూడదని నేను ఒట్టు పెట్టుకుని ఉన్నాను. చేతులు తుడుచుకుని ఎక్కి కూర్చున్నాను. ట్రంకు రోడ్డు మీద దక్షిణంగా పోనిచ్చాడు. ముల్లు పన్నెండు మీద ఉంది. పదిహేను దగ్గరికి పోయి మళ్లీ పన్నెండుకి వచ్చింది. అతని వీపు చెమటతో తడిసి చొక్కా అంటుకుపోయింది. వెనకనుంచి గంట వినపడింది. టిఫిను క్యారియరు తగిలించుకున్న స్కూలు మాస్టరు ఒకాయన సైకిలు మీద మమ్మల్ని దాటుకుని పోతూ, ఇంత బండి ఇట్లా పోతోందేమిటా అని వెనక్కి తిరిగి చూశాడు.

ఇంకాస్త పోనివ్వండి సార్ అనాలని నోటిదాకా వచ్చింది. ఆ మాట అనడానికి నేనెవరిని? అతని భుజం మీదుగా ముందు చక్రం వైపే చూస్తూ కూర్చున్నాను.